వంటింటి గోడకి గాజు టైల్సా, స్టీల్ టైల్సా?

సంక్రాంతి ముందు మా వంటింట్లో గట్టు వెనక గోడకి పాత టైల్స్ పీకించి గాజు టైల్స్ వేయించాం. అప్పట్నుంచి ఇంటికొచ్చినవాళ్లు గోడని వేలితో కొట్టి చూసి అడిగే ప్రశ్నలు రెండే. ఇవి పగలవా? ఇంత ఖర్చు పెట్టేబదులు స్టీల్‌వి వేయించుకోవచ్చుగా? ఫోటో చూసి ఫోన్ చేసినవాళ్లదీ అదే మాట. క్యాటలాగ్‌లో రెండూ పక్కపక్కనే మెరుస్తుంటాయి కాబట్టి ఎవరికైనా వచ్చే అనుమానమే. నేనూ మూడు నెలలు ఈ తర్జనభర్జనలోనే ఉన్నాను.

పగలడం గురించి ఒక్క మాట చెప్పేసి ముందుకెళ్తాను. వెనక జిగురు నిండుగా పట్టిన 8 మిల్లీమీటర్ల మందం గాజు ముక్క, గరిటె తగిలితేనో కుక్కర్ మూత ఆనితేనో పగలదు. వెనక బోలుగా వదిలేస్తే మామూలు సెరామిక్ టైలైనా పగులుతుంది. అది మేస్త్రి చేతిలో ఉన్న విషయం, గాజు తప్పు కాదు.

నా లెక్కలో తేల్చుకోవాల్సింది వేరే. గోడ పాడైతే ఎక్కడ పాడవుతుంది, దాన్ని మళ్లీ బాగుచేసుకోగలమా? గాజు గోడకి జబ్బు జాయింట్లలో, అంటే టైల్‌కీ టైల్‌కీ మధ్య నింపే సందుల్లో వస్తుంది. స్టీల్ గోడకి ముఖం మీదే వస్తుంది. జాయింట్ అయితే గీకించి మళ్లీ నింపించుకోవచ్చు. ముఖం పోయిందంటే టైల్ పీకడమే.

ముందు గాజు సంగతి. షాపుల్లో ఎక్కువగా చూపించేది మొజాయిక్. అడుగు ఇంటు అడుగు వల మీద అంగుళం బిళ్లలు, వరసకి 12 చొప్పున 144. చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ ఒక్కో షీటులో నిలువు గీతలూ అడ్డ గీతలూ కలిపితే 7 మీటర్ల పైచిలుకు జాయింట్ ఉంటుంది. మా గట్టు పొడవు 10 అడుగులు, దానిపైన గోడ 2 అడుగుల ఎత్తు. అంటే 20 చదరపు అడుగులు, దాదాపు 145 మీటర్ల జాయింట్! అదే గోడకి 3 ఇంటు 6 అంగుళాల గాజు టైల్స్ ఇటుకల వరసలా పేరిస్తే 36 మీటర్లతో సరిపోతుంది. ఈ లెక్క పాత క్యాలెండర్ వెనక వేసుకున్న రోజే మొజాయిక్ మీద మోజు తీరిపోయింది.

జాయింట్ అంటే ఎందుకింత భయం? వైట్ సిమెంట్‌తో నింపి వదిలేస్తే ఏమవుతుందో పారాణి కలిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. సిమెంట్‌కీ ఆ సున్నం గుణమే. పులుసు తెర్లినప్పుడు ఎగిరిన చుక్క తెల్లటి జాయింట్‌లోకి ఇంకి, మొదట పసుప్పచ్చగా, తర్వాత ఇటుక రంగులోకి తిరిగి అక్కడే కూర్చుంటుంది. బట్ట మీద పసుపు మరకైతే ఎండలో వేస్తే వెలిసిపోతుంది. గోడని తీసుకెళ్లి మేడ మీద ఆరేయలేం కదా.

దీనికి మందు ఎపాక్సీ. రెండు భాగాలు కలిపి నింపే ఫిల్లర్ ఇది. గట్టిపడ్డాక నీళ్లు, నూనె, పసుపు లోపలికి పోనివ్వదు. ఖరీదెక్కువ, పని నిదానం. కొంచెం కొంచెంగా కలిపి, నింపిన వెంటనే టైల్ మీది పొర తుడిచేయాలి. ఆలస్యమైతే గాజు మీద మబ్బు పట్టినట్టు ఉండిపోతుంది. ఖర్చు చూసి మొత్తం గోడకి వద్దనుకుంటే కనీసం స్టవ్ వెనక నాలుగడుగుల మేరకైనా వేయించండి. ఎపాక్సీ వద్దు, సిమెంట్ ఫిల్లరే చాలు అనుకునేవాళ్లు ఇసుక కలవని రకం అడగండి. ఇసుక రేణువులు గాజు మీద గీతలు పెడతాయి.

ఇక అతికించడం. మా మేస్త్రి ముప్పై ఏళ్లుగా టైల్స్ వేస్తున్న మనిషి. మొదటి టైల్ వెనకాల చేత్తో తడిమి, "అమ్మా, ఇది నీళ్లు తాగదు కదా, సిమెంట్ పాలు ఎలా పడతాయండీ?" అన్నాడు. నిజమే. గాజు చుక్క నీరు పీల్చదు, సిమెంట్ పాలతో అతికిస్తే ఊడిపోతుంది. పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి. అదైనా తెల్లదే కావాలి. మా వాళ్లు బాత్రూమ్ పనిలో మిగిలిన బూడిద రంగు సంచితో నాలుగు టైల్స్ పెట్టేశారు. షాపులో లేత సముద్రపు రంగులో ఉన్న టైల్, గోడ మీదకొచ్చేసరికి వానాకాలం చెరువులా మారింది. పైగా అడ్హెసివ్ పరిచే పళ్ల తాపీ, అదే దువ్వెన కరణీ, లాగిన గీతలన్నీ గాజులోంచి లెక్కపెట్టుకునేలా కనపడుతున్నాయి. తడి ఆరకముందే చూశాం కాబట్టి సరిపోయింది. పీకించి, తెల్ల అడ్హెసివ్ తెప్పించి, గీతలు నున్నగా సాపు చేయించి మళ్లీ పెట్టించాను. కొనేముందు షాపులో ఒక టైల్‌ని ఒకసారి తెల్ల కాగితం మీద, ఒకసారి నల్లటి బ్యాగు మీద పెట్టి చూడండి. రంగు మారకపోతే దాని వెనక రంగు పూత ఉన్నట్టు, ఈ బాధ చాలావరకు లేనట్టే. మారితే మాత్రం తెల్ల అడ్హెసివ్ తప్పదు.

గాజు తలనొప్పులన్నీ ఇలా వేసేరోజు ఉండేవే. జాగ్రత్తగా వేయిస్తే తర్వాత తడిగుడ్డతో సరిపోతుంది.

స్టీల్ దీనికి తిరగేసిన కథ. వేయడం కాస్త తేలిక, మొదటి నెల అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది. అద్దం ఫినిష్ అయితే ప్రతి వేలిముద్రా కనపడుతుంది. సన్నటి గీతలున్న బ్రష్డ్ ఫినిష్ అది దాచుకుంటుంది, కానీ ఆ గీతల వాలులోనే తుడవాలి. అడ్డంగా పీచుతో రుద్దారంటే ఇంక అంతే. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఏ పీచు వాడుతుందో, జిడ్డు కనపడితే గోడకీ అదే పెడుతుందా లేదా, ఈ ఒక్కటీ చూసి స్టీల్ సంగతి తేల్చుకోవచ్చు. ఇనుప పీచు గీతలు పెట్టడమే కాదు, దాని పొట్టు అక్కడే అంటుకుని తుప్పు చుక్కలవుతుంది. మా ఇంట్లో అత్తయ్యకి గోడైనా గిన్నైనా తోమితేనే తృప్తి. ఆ ముక్క ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే స్టీల్ వద్దనుకున్నాను అన్నా అబద్ధం కాదు.

అంతకంటే పెద్ద ముప్పు యాసిడ్. పని అయిపోయాక సిమెంట్ మరకలు పోవడానికి యాసిడ్‌తో కడగడం మన దగ్గర మామూలే. మా వదిన వాళ్ల ఫ్లాట్‌లో గోడకి స్టీల్ మొజాయిక్ వేయించి, ఎప్పటిలాగే కింద ఫ్లోర్‌ని యాసిడ్ పెట్టి కడిగించారు. గోడ మీద పడ్డ తుంపర్లు సాయంత్రానికల్లా గోధుమరంగు మచ్చలై తేలాయి. వాటి మీద కొబ్బరినూనె, సోడా, నిమ్మకాయ అన్నీ ప్రయోగించారు. ఇప్పుడక్కడ మసాలా డబ్బాల స్టాండ్ నిలబెట్టారు. బ్లీచింగ్ పౌడర్ కూడా స్టీల్‌కి పగే.

మా విశాఖలో ఉప్పు గాలి ఉండనే ఉంది. బీచ్ దగ్గర అపార్ట్‌మెంట్లలో బాల్కనీ స్టీల్ రెయిలింగుల మీద గోధుమ చుక్కలు చూడనివాళ్లు ఉండరు. స్టీలంటే తుప్పు పట్టదు అనే మాట గ్రేడుని బట్టి ఉంటుంది. చవగ్గా వచ్చేది 202, నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రం దగ్గరైతే మాలిబ్డినం కలిసిన 316 మేలు. షాపువాళ్లు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, అసలైన స్టీల్" అంటారు. మామూలుగా 202కీ 304కీ కూడా అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్షతో వీటి తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే. స్టీల్ మొజాయిక్‌లో చాలావాటికి పైన పల్చటి స్టీల్ రేకు, లోపల సెరామిక్ ఉంటుంది. అంచు చూస్తే తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లోనో ఇంకెక్కడైనా సముద్రానికి దూరంగా ఉండేవాళ్లకి ఈ ఉప్పు బాధ లేదు. అక్కడ బోరు నీళ్లు. ఎండిపోయిన చుక్కల తెల్ల మచ్చలు గాజు మీదా స్టీల్ మీదా సమానంగానే పడతాయి, అందులో ఎవరూ గెలవరు.

స్టీల్ వేసేవాళ్లు స్విచ్ బోర్డుల దగ్గర ఇంకో జాగ్రత్త పడాలి. లోహపు అంచు వైరుకి, బాక్సులోని టెర్మినల్‌కి తగలకుండా ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని కోయించాలి. మిక్సీ ప్లగ్గు పెట్టేది తడి చేత్తోనే కదా.

అయితే స్టీల్ ఎక్కడా పనికిరాదా అంటే, హాల్లో టీవీ వెనక గోడకో, డైనింగ్ దగ్గర ఒక అడ్డ పట్టీలాగో వేస్తే చాలా అందంగా ఉంటుంది. అక్కడ పసుపు లేదు, పీచు లేదు. గాజు, స్టీల్ కలిపిన మొజాయిక్ మాత్రం వంటింట్లో వద్దు, రెండిటి జబ్బులూ ఒకే షీటులో వస్తాయి. రాగి టైల్స్ ఇంట్లో రాగి బిందెని చింతపండుతో వారం వారం తోమేవాళ్లకే. అద్దెంట్లో ఉండేవాళ్లకి వెనక స్టిక్కర్ ఉన్న అల్యూమినియం షీట్లు చాలు, స్టవ్‌కి కాస్త దూరంగా.

అసలు జాయింట్లే లేకుండా ఒకే పెద్ద రంగు గాజు పలక పెట్టొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. పెట్టొచ్చు, తుడవడానికి దాన్ని మించింది లేదు. కానీ టఫెన్ చేశాక, అంటే కాల్చి గట్టిపరిచాక, ఆ గాజుని కోయడం కుదరదు. ప్రతి స్విచ్ బోర్డు కన్నం ముందే కొలిచి చేయించాలి. రేపు ఇంకో ప్లగ్ పాయింట్ కావాలంటే పలక మొత్తం మార్చాలి. మా గట్టు మీద మూడు బోర్డులు, నాలుగోది ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే చిన్న టైల్స్ దగ్గరే ఆగాను.

కొనేటప్పుడు లెక్కకి పదిశాతం ఎక్కువ తీసుకోండి, అంతా ఒకే లాట్ నంబరులో. నీళ్లు పెట్టి కోసినా గాజు అంచులు అక్కడక్కడా పెచ్చులూడతాయి. మాకు కోతలో ఐదు టైల్స్ పోయాయి, ఒక పెట్టె మిగిలింది. దాన్ని అటక మీద దాచాను, నాలుగో బోర్డు కోసం.