రామప్ప, లక్నవరం: ‘దేఖో అప్నా దేశ్’ పిలుపు విని వెళ్లిన యాత్ర

2019 స్వాతంత్ర్య దినోత్సవం నాడు ప్రధానమంత్రి ఎర్రకోట నుంచి, 2022లోగా దేశంలోని 15 పర్యాటక ప్రదేశాలనైనా చూడాలని ప్రజలను కోరారు. మరుసటి జనవరిలో కేంద్ర పర్యాటక శాఖ ‘దేఖో అప్నా దేశ్’ (మన దేశాన్ని చూడండి) ప్రచారాన్ని మొదలుపెట్టింది. లాక్‌డౌన్ రోజుల్లో ఆ పేరుతో వచ్చిన వెబినార్లను మా ఇంట్లో అందరికంటే శ్రద్ధగా చూసింది మా అమ్మ. చూడాలన్న కోరిక పుట్టించడంలో ఆ ప్రచారం గెలిచిందనే నా అభిప్రాయం. ఇల్లు కదిలిన తర్వాత యాత్రికుడికి ఏమి దొరుకుతుందన్నది వేరే సంగతి.

మేము ములుగు జిల్లాను ఎంచుకున్నాము. స్వదేశ్ దర్శన్ పథకం కింద కేంద్రం ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, బొగత జలపాతం వంటి చోట్లను కలిపి గిరిజన సర్క్యూట్‌గా తీసుకుంది. పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది.

కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడిని గైడు లేకుండా చూడవద్దని గట్టిగా చెబుతాను. మా గైడు చూరు కింది మదనిక (నాట్యభంగిమలోని స్త్రీ) విగ్రహంపై టార్చి వేసి, వెలుగును మెల్లగా పాదాల దాకా దించి ఆపారు: నల్లరాతిలో ఎత్తుమడమల చెప్పులు! శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవని, పునాదిలో ఇసుక నింపారని ఆయన చెబుతుంటే మా అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

బస విషయంలో అంత తృప్తి కలగలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి రసీదు చూపించినా, బుకింగు తమకు అందలేదంటూ గంటకు పైగా కౌంటరు దగ్గరే నిలబెట్టారు. గది మాత్రం శుభ్రంగానే ఉంది. లక్నవరం చెరువులో వేలాడే వంతెన మీద సాయంత్రపు నడక హాయినిచ్చింది.

అసలు ఇబ్బంది ప్రయాణంలోనే ఉంది. కాగితం మీద సర్క్యూట్‌గా కలిపిన ఈ చోట్లు సొంత వాహనం ఉన్నవారికే నిజంగా కలుస్తాయి. హనుమకొండ నుంచి బస్సులో ములుగు చేరి, ఆటో మాట్లాడుకుని రామప్ప చూసిన మేము, లక్నవరం వెళ్లడానికి మళ్లీ హైవేకు వచ్చి మరో ఆటో కోసం చాలాసేపు ఎదురుచూశాము. బొగతకు సమయమే చాలలేదు. ప్రకటనల ఖర్చులో కొంత తగ్గించి అయినా, ఉదయం వరంగల్ రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కించుకుని, ఈ మూడు చోట్లూ చూపించి, రాత్రికి తిరిగి దింపే బస్సును రోజూ నడపాలి. మోకాళ్ల నొప్పులతో ఇన్ని ఆటోలు ఎక్కి దిగలేనని ఇంట్లోనే ఉండిపోయిన మా అమ్మ, అలాంటి బస్సు ఉంటే మాతో వచ్చేది.