చక్రవర్తి గీసిన పారిస్, వర్తకులు కట్టుకున్న ఆమ్‌స్టర్‌డామ్

పారిస్ పెద్ద వీధుల్లో నిలబడి తలెత్తి చూడండి. రెండో అంతస్తులో, ఐదో అంతస్తులో ఇనుప బాల్కనీలు గీత గీసినట్టు ఒకే వరుసలో సాగిపోతాయి. ఇళ్లు వేరైనా ఎత్తు ఒకటే, రాయి రంగు ఒకటే. 1853లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఆ నగర పాలన ఊస్మాన్ అనే అధికారి చేతికి అప్పగించాడు. ఆయన ఇరుకు సందులు పడగొట్టించి తిన్నని రోడ్లు వేయించాడు. గాలి, వెలుతురు, మంచి మురుగు కాలువలు వచ్చాయి. ఆ మేలు కాదనలేం. కానీ తిరుగుబాటుదారులు సులువుగా అడ్డుకట్టలు కట్టే సందులు పోయి, సైన్యం కదలడానికి దారి సుగమమైంది. అద్దెలు భరించలేని పేదలు శివార్లకు వెళ్లిపోయారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పెత్తనం వర్తకులది. 1613లో మొదలైన కాలువల చుట్టూ సన్నని స్థలాలు అమ్మారు. ఎవరి ముఖభాగం వాళ్ల ఇష్టం. పైన కొక్కెం ఉన్న దూలం కనిపిస్తుంది, సరుకు తాడుతో పైకి లాగడానికి. ఇక్కడా సమానత్వం లేదు: ధనికులకు విశాలమైన కాలువ గట్లు, పనివాళ్లకు యోర్డాన్ అనే పేట సందులు. అయినా నాకు ఈ ఊరే ఇష్టం, ప్రతి ఇంటికీ సొంత ముఖం ఉంది కాబట్టి.

ఇక్కడ అన్నిటికన్నా ఘనంగా కట్టింది రాజభవనం కాదు, టౌన్‌హాల్. 1648లో పని మొదలైంది, పునాదిలో 13,659 కొయ్య దుంగలు దిగగొట్టారు. 1808లో అప్పటి హాలండ్ రాజు లూయీ బోనపార్టే దాన్ని తన రాజభవనం చేసుకున్నాడు. ఆయన కొడుకే ఆ మూడో నెపోలియన్.