రొయ్యల గుంటల పక్కన నిలబడిపోయిన ఆక్టేవియా ఆర్‌ఎస్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ మధ్య నెల్లూరులో మా వేదాయపాళెంలో ఇద్దరు కుర్రాళ్లు వెంటవెంటనే ఒకే మాట అడిగారు. "అన్నా, పాత టర్బో కారొకటి బేరానికొచ్చింది. పని ఉందంట. కొనమంటావా?" నా దగ్గర 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ (ఆక్టేవియాలో జోరు రకం) ఉండబట్టి నన్నడిగారు. నేను 2019 ఏప్రిల్‌లో కొన్నప్పుడు మీటరు 92 వేలు. ఇప్పుడు లక్షా 31 వేలు. ఫోన్లో అవునని, కాదని తేల్చే సంగతి కాదిది.

స్పోర్ట్స్ కారంటే రెండు తలుపులతో నేలకి అతుక్కుని ఉండేదే అనుకునేవాళ్లకి ఇది ఆనదు. చూడ్డానికి పెళ్లికొడుకుని తీసుకురావడానికి పంపే నాలుగు తలుపుల బండి. బానెట్ ఎత్తితే మాత్రం 1,781 సీసీ టర్బో (పొగ జోరుతో తిరిగి గాలిని ఇంజనులోకి గట్టిగా నెట్టే చక్రం) పెట్రోలు ఇంజను, సిలిండరుకి అయిదు చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్. అప్పట్లో ట్రంకు రోడ్డు మీద తిరిగిన కార్లలో చాలావాటికి ఇందులో సగం బలం కూడా లేదు.

నేను చూసినప్పుడు ఇది అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రేకుల షెడ్డులో ఉంది. కొత్తదిగా కొన్న పెద్దాయనకి కాళ్లు సహకరించక తోలడం మానేశారు. పిల్లలు అమెరికాలో. రెండున్నరేళ్లు కదల్లేదు. ఉప్పుగాలికి బాడీ తుప్పు పట్టి ఉంటుందని వంగి వంగి చూశాను. అక్కడ మాత్రం నా భయం తప్పింది. ఈ కార్ల రేకు గాల్వనైజ్ చేసింది, అంటే జింకు పూత ఉన్నది, తలుపుల అడుగున గోరు పెట్టి గీకినా పొట్టు రాలలేదు. తుప్పంతా సైలెన్సరుకి, కింది బోల్టులకి పట్టింది.

ఇంజను మీది ప్లాస్టిక్ మూత తీస్తే ఎలుకల కాపురం బయటపడింది. గడ్డీ గుడ్డపేలికలూ కలిపి పరుపు వేసుకున్నాయి. రెండు వైర్లు రాగి కనపడేదాకా కొరికేశాయి. ఆయిల్ మూత తిప్పి లోపల వేలు పెడితే ఆవకాయ జాడీ అడుగున మిగిలే మడ్డిలాంటిది నల్లగా అంటుకుంది. అది చూశాకైనా ఆగాల్సింది. ఆగలేదు. వేరే బ్యాటరీ తగిలించి తాళం తిప్పాం. నాలుగోసారికి అందుకుంది, కాస్త నీలం పొగ వదిలింది, తర్వాత గొంతు సర్దుకున్నట్టు సన్నగా పాడింది. ఆ శబ్దం చెవిన పడ్డాక ఇక బేరమెక్కడ! రెండు లక్షల ఇరవై వేలు చెప్పారు, లక్షా నలభై అయిదుకి ఇచ్చారు. నేను చాలా తగ్గించాననుకున్నాను.

ఆ రోజే కొత్త పెట్రోలు పోయించి నెల్లూరుకి తోలుకొచ్చేశాను. ఆటోనగర్‌లో మెకానిక్ టైమింగ్ బెల్టు కవరు ఊడదీసి బెల్టుని వేళ్లతో వెనక్కి వంచాడు. పళ్ల మధ్య ఎండాకాలం చెరువులో నెర్రెల్లా చీలికలు. "సార్, దీన్ని తోలుకొచ్చారా? తాడు మీద నడిచొచ్చారు మీరు" అన్నాడు. పిస్టన్లూ వాల్వులూ ఒకే తాళంలో కదిలేలా చూసేది ఇదే. ఈ ఇంజనుకి చైను కాదు, రబ్బరు బెల్టు. నడుస్తుండగా తెగితే పిస్టన్లు పోయి తెరుచుకున్న వాల్వుల్ని కొడతాయి. వంగేవి ఒకటో రెండో కాదు. అది తెగి ఉంటే నా లక్షా నలభై అయిదు వేలూ కోవూరు దాటకముందే పాత ఇనుము అయ్యేవి.

అందుకే ఇలాంటి బండికి నేను మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఎన్నాళ్లు ఆగి ఉందని. తిరిగే బండిలో అరిగిందేదో అరుగుతూనే చెబుతుంది. ఆగిన బండిలో రబ్బరు ఎండుతుంది, పెట్రోలు బంకవుతుంది, బ్రేకులు పట్టేస్తాయి, టైర్లు ఒకవైపు చదునవుతాయి. కొనేదాకా ఒక్కటీ నోరు విప్పదు.

మొదటి ఏడాది లక్షా 78 వేలు పెట్టాను. బెల్టు, దానితోనే తిరిగే వాటర్ పంపు. సంపు (ఇంజను అడుగునుండే ఆయిల్ తొట్టి) విప్పి ఆయిల్ జల్లెడ కడిగించడం. ఆ మడ్డి అందులో అడ్డం పడితే టర్బోకి నూనె అందక ఎండిపోతుంది కాబట్టి కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోవద్దని మెకానిక్ పట్టుబట్టాడు, అతని మాటే నిజం. నాలుగు టైర్లు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, బ్రేక్ డిస్కులు, రేడియేటరు గొట్టాలు, ఎలుకలు తిన్న వైరింగు. కారు ఖరీదు కంటే బాగుచేతే ఎక్కువైంది. "ఈ డబ్బుతో వంటిల్లు మొత్తం మార్పించొచ్చు గదండీ" అంది మా ఆవిడ. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

పార్టుల సంగతి. నెల్లూరులో అన్నీ దొరకవు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై దిగి, ఎగ్మోరు పక్కనున్న పుదుపేటకి పోవాలి. ఊడదీసిన కార్ల తలుపులు, డాష్‌బోర్డులు, గేరుబాక్సులు ఇంటి కప్పుదాకా పేర్చిన సందులవి. మామూలు ఆక్టేవియాలోవే దీనికి చాలా సరిపోతాయి. ముందు బంపరు, సీట్ల గుడ్డ లాంటి ఆర్‌ఎస్ సొంత వస్తువులు మాత్రం దొరికిన రోజే కొనుక్కోవాలి. పాత పార్టు సంచిలో వేసుకుపోండి, నంబరు చూపించండి. నేను మొదటిసారి ఉత్తచేతులతో పోయి, కుడివైపు తలుపుకి ఎడమవైపు కిటికీ అద్దం ఎత్తే మెషీను కొనుక్కొచ్చాను.

ఆ అద్దం గోల ఏందంటే, తలుపు లోపల గ్లాసుని పట్టుకునే క్లిప్పు ప్లాస్టిక్‌ది. పాతబడి విరిగితే గ్లాసు టప్పున తలుపులోకి జారిపోతుంది. నాకది ముసునూరు టోల్‌గేటు దగ్గర జరిగింది, తుపాను వానలో. కావలి నుంచి ఇంటిదాకా కుడి భుజం మీద తువ్వాలు కప్పుకుని తోలాను.

ఇంకోటి ఇగ్నిషన్ కాయిళ్లు, పెట్రోలు అంటుకోవడానికి స్పార్కు అందించేవి. సిలిండరుకి ఒకటి, మొత్తం నాలుగు. చెప్పకుండా పోతాయి. రాపూరు ఘాట్‌లో ఒకటి పోయింది, ఇంజను లైటు కొట్టుకోవడం మొదలెట్టింది, బండి కుంటింది. మూడు సిలిండర్ల మీదే రాపూరు దాకా దింపాను. అది తప్పని తర్వాత తెలిసింది. మండని పెట్రోలు సైలెన్సరులోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరుని మాడుస్తుంది. అప్పట్నుంచి డిక్కీలో కాయిలొకటి, దాన్ని తీసే పానా ఒకటి ఉంటాయి. రోడ్డు పక్కన పది నిమిషాల పని. లాప్‌టాప్‌కి తగిలించి తప్పు చదివే కేబుల్ కూడా కొనుక్కున్నాను. ఏ సిలిండరో నేనే చూసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తే సగం రోజు కలిసొస్తుంది.

ఇంత చెప్పి మళ్లీ అదే రాపూరు ఘాట్ పేరెత్తుతున్నానంటే నా పిచ్చి మీకర్థమవుతుంది. చిట్వేలి వైపు ఎక్కేటప్పుడు, మలుపులో మూడో గేరులోనే ఉంచి, స్టీరింగు సూటిగా వస్తుండగా యాక్సిలరేటరు నొక్కాలి. ఇంజను రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వెనకనుంచి ఎవరో అరచేత్తో వీపు మీద నెట్టినట్టుంటుంది. కొట్టదు, నెడుతుంది, అంతే. నెట్టుడు 4,600 దాకా తగ్గదు. కొత్త కార్లు ఇంతకంటే జోరుగా పోతాయి, కాదనను. వాటిలో రోడ్డు గరుకు చేతికి తెలియదు. ఇందులో టైరు కింద రాయి నలిగినా అరచేతికి చెబుతుంది.

డిక్కీ 528 లీటర్లు. ఆరు బియ్యం బస్తాలు వేసుకుని వచ్చినా టర్బో కిక్కురుమనలేదు. మైలేజి ఊళ్లో ఎనిమిది, హైవే మీద పన్నెండు. వానొస్తే నీళ్లు నిలిచే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి దారి మరిచిపోతాను.

కాగితాల ఖర్చు తేలిగ్గా తీసుకోవద్దు. పదిహేనేళ్లు దాటితే ఫారం 25 పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి, అయిదేళ్లకొకసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి. పాత బండ్లకి వేసే గ్రీన్ టాక్సు వేరే. 2022 నుంచి కారుకి రెన్యువల్ ఫీజు 5,000. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. నా రెన్యువల్ జూన్‌లోనే అయిపోవడంతో పాత ఫీజుతో గట్టెక్కాను. ఇంజను 1,500 సీసీ దాటింది కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే 7,897, పైన జీఎస్టీ. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కలుస్తోంది. ఆ కాలం రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. పెట్రోలు పైపులన్నీ మార్పించాను, బండిని పదిరోజులకి మించి కదపకుండా ఉంచను.

మొత్తానికి ఆరేళ్లలో కారు ఖరీదుతో కలిపి నాలుగు లక్షల అరవై వేలు, పెట్రోలు కాకుండా. మళ్లీ కొంటానా? కొంటాను, కానీ ఇది కాదు. ఇంకో లక్ష ఎక్కువ పెట్టి, వారానికొకసారైనా తిరుగుతున్నదీ, బెల్టు మార్చిన బిల్లున్నదీ కొంటాను. ఇంట్లో ఇంకో బండి లేనివాడికి మాత్రం వద్దనే చెబుతాను. ఇది ఆటోనగర్‌లో మూడు వారాలున్నప్పుడు నా ఆఫీసు నడిచింది మా ఆవిడ స్కూటీ మీదే.

కుర్రాళ్లలో ఒకడు చూసిన బండి చాలా చవక. లోపల కార్పెట్లు కొత్తవంట, వాసన రాకుండా సెంటు కొట్టారంట. నాకు అక్కడే అనుమానం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిన వరదలో చాలా కార్లు మునిగాయి. అలాంటివి తుడిచి అమ్మకానికి పెడతారు. సీటు బెల్టుని చివరంటా లాగి చూడు, లోపలి కొసన మట్టి గీత ఉంటే ఇంకేం చూడక్కర్లేదని చెప్పాను.

రెండోవాడిది కొంచెం నమ్మకంగా ఉంది. ఆదివారం పొద్దున నేనూ పోతున్నాను, టార్చిలైటూ, బెల్టు కవరు విప్పే పానా తీసుకుని. ఓనరుకి ముందే ఫోన్ చేయమన్నాను, మేమొచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని. చల్లటి ఇంజను అందుకునేటప్పుడే దాని లోపం బయటపడుతుంది. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి.