లింబా టాక్ షో, ఎన్‌పీఆర్: చరిత్ర ఎక్కడ వినాలి?
అమెరికాలో కారు రేడియో పెడితే రెండు బాణీలు వినిపిస్తాయి. ఒకటి సంప్రదాయవాది రష్ లింబా 1988లో దేశమంతటికీ తెచ్చిన టాక్ షో. రెండోది 1970లో పుట్టిన, లాభాపేక్ష లేని పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్‌ది.

లింబాకి దారి తెరిచింది 1987. వివాదాల్లో భిన్నాభిప్రాయాలు కూడా వినిపించాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ నియమాన్ని, రేడియో, టీవీలను నియంత్రించే ఎఫ్‌సీసీ ఆ ఏడాదే ఎత్తేసింది. ఇక రోజుకు మూడు గంటలు ఒకే గొంతు, ఒకే పక్షం. శ్రోత మనసులో ఉన్నదాన్నే నవ్విస్తూ, ఇంకాస్త గట్టిగా చెప్పడం ఆయన బలం. 1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ గెలిచినప్పుడు, కొత్తగా గెలిచినవాళ్లు ఆయనకు తమ బృందంలో గౌరవ సభ్యత్వం ఇచ్చారు!

చరిత్ర సంగతికొస్తే ఆయన ఏటా చెప్పిన థాంక్స్‌గివింగ్ కథ చూడండి. తొలినాళ్లలో అమెరికా చేరిన ప్లిమత్ వలసదారులు ఉమ్మడి సేద్యంతో పస్తులున్నారు, ఎవరి పొలం వారికి పంచాకే గింజలు ఇంటికొచ్చాయి, ఆ కృతజ్ఞతే పండుగ అని. పొలాలు పంచింది నిజమే, కానీ 1623లో. పండుగకు మూలమైన విందు జరిగింది 1621లో. సోషలిజం పనికిరాదని ఆ కథతో చెప్పిన పాఠం మాత్రం లక్షల చెవులకు చేరిపోయింది.

ఎన్‌పీఆర్‌లో రిపోర్టర్లు, ఎడిటర్లు ఉంటారు, తప్పు దొర్లితే సవరణ వేస్తారు. చరిత్రకు నా ఓటు దానికే. ఎడమవైపు మొగ్గుందన్న విమర్శ మాత్రం ఊరికే రాలేదు, ఏ కథ ఎంచుకుంటారన్న దాంట్లో అది నాకూ కనిపిస్తుంది. పైగా కాస్త బోర్. 2025లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) ఎన్‌పీఆర్ లాంటి పబ్లిక్ మీడియాకిచ్చే ప్రభుత్వ నిధులు రద్దు చేసింది. ఆ డబ్బు మీద ఎక్కువగా ఆధారపడింది పల్లెల్లోని చిన్న స్టేషన్లే.