ఒకే తుపాకీకి రెండు పేర్లు: ‘అసాల్ట్ వెపన్’, ‘మోడర్న్ స్పోర్టింగ్ రైఫిల్’

అమెరికాలో ఏఆర్-15 తరహా రైఫిల్‌ను నిషేధించాలనేవారు ‘అసాల్ట్ వెపన్’ అంటారు. నిషేధం వద్దనేవారు ‘మోడర్న్ స్పోర్టింగ్ రైఫిల్’ అంటారు. వస్తువు ఒకటే: ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలే సెమీ ఆటోమేటిక్. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అని చాలామంది పొరబడతారు. అది ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోంచి వచ్చింది.

మొదటి మాట యుద్ధాన్ని గుర్తుచేస్తుంది. సైన్యం వాడే అసాల్ట్ రైఫిల్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కి తూటాలను వరసగా పేల్చే వీలుంటుంది, దీనిలో ఉండదు. అసలు చిక్కు చట్టంలో వచ్చింది. 1994 నాటి ఫెడరల్ నిషేధం కొన్ని మోడళ్లను పేరుపెట్టి ఆపింది. మిగతా రైఫిళ్లకు ఊడదీసే మ్యాగజైన్ (తూటాల పెట్టె)తోపాటు పిస్టల్ గ్రిప్ (పిస్టల్ తరహా పిడి), మడిచే బట్, బయొనెట్ (తుపాకీ మొన దగ్గరి కత్తి) బిగించే అమరిక, ఫ్లాష్ సప్రెసర్ (పేలినప్పటి మెరుపును తగ్గించే భాగం) వంటివాటిలో రెండు ఉంటేనే నిషేధం. తయారీదారులు బయొనెట్ అమరిక, ఫ్లాష్ సప్రెసర్ తీసేసి అదే యంత్రాంగాన్ని అమ్మారు. రూపాన్ని వర్ణించే మాట మీద చట్టం కడితే జరిగేది ఇదే. 2004లో ఆ నిషేధం గడువు తీరిపోయింది.

రెండో మాటను తుపాకీ పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ 2009లో ప్రచారంలోకి తెచ్చింది. వేట, గురి పోటీలు కళ్లముందు నిలుస్తాయి. ఆ వాడకం నిజమే. కానీ 30 తూటాల మ్యాగజైన్, దాన్ని క్షణాల్లో మార్చగలగడం, 2012లో శాండీ హుక్ బడిలో ఇలాంటి రైఫిల్ కాల్పులకు పోయిన 26 ప్రాణాలు ఆ పేరులో ఎక్కడా కనబడవు. మా దృష్టిలో ఈ దాపరికమే ఎక్కువ హాని చేస్తుంది.

తెలుగులో రాసేవారు రెండూ వదిలేసి ‘సెమీ ఆటోమేటిక్ రైఫిల్, 30 తూటాల మ్యాగజైన్’ అంటే సరిపోతుంది. ‘మెషిన్ గన్’ అని మాత్రం రాయొద్దు. అది ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే తూటాలు వరసగా పేలే వేరే తుపాకీ: 1986 మే తర్వాత తయారైన మెషిన్ గన్లను అక్కడి పౌరులకు అమ్మడం నిషిద్ధం.