ముంపు ఊరి నుంచి తెచ్చుకున్న మిద్దె: కొన్నేళ్ల కాపురం తర్వాత

గండికోట జలాశయం వెనుక నీళ్లు చేరిన ఊళ్లలో మా తాతగారి ఊరు ఒకటి. అక్కడి మా మట్టి మిద్దెను 2019 వేసవిలో విప్పించి, దాని కొయ్యనూ రాతినీ ముద్దనూరు వైపు ఉన్న మా చేనికి చేర్చి, స్నేహితుల సాయంతో తిరిగి కట్టుకున్నాం. 2020 చివరి నుంచి అందులోనే కాపురం ఉంటున్నాం. పాత ఇంటిని ఇలా తరలించుకోవాలనే ఆలోచన ఉన్నవారు అప్పుడప్పుడూ వచ్చి చూసి, ఇంత శ్రమకు ఫలితం దక్కిందా అని అడుగుతుంటారు. కొయ్య, రాయి, సున్నం విషయంలో పూర్తిగా దక్కిందని చెబుతాను. పైన చౌడు, అంటే ఉప్పు నేల మట్టి, పోసిన కప్పు మాత్రం, ఏటా వానలకు ముందు దాని మీదికెక్కి పనిచేసే మనుషులు ఉన్నవారికే తగినది.

ఇల్లు తరలించడం అనగానే చాలామందికి గుళ్ల తరలింపు గుర్తుకొస్తుంది. శ్రీశైలం జలాశయం ముంపులో పడిన రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి కర్నూలు దగ్గర జగన్నాథ గట్టు మీద నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చారు. గుడిలో ప్రతి రాయీ చెక్కిన రాయే కాబట్టి దేని చోటు దానికి ఉంటుంది. రైతు ఇంటి గోడ అలాంటిది కాదు. రెండు ముఖాలా పెద్ద రాళ్లు పేర్చి, నడుమ చిల్లరాళ్లూ మట్టీ కూరి లేపిన గోడ అది. విప్పితే మిగిలేవి ఒక రాళ్ల కుప్ప, ఒక మట్టి కుప్ప. అందువల్ల గోడ రాళ్లను లెక్కపెట్టకుండా మూలరాళ్లు, వాకిలి పక్కల నిలువురాళ్లు, స్తంభాలు, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే సన్న కొయ్యలైన దంతెలకు మాత్రమే అంకెలు వేశాం. సుద్దతో పెట్టిన గుర్తు ట్రాక్టరు ట్రాలీలో రాపిడికి నిలవదు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన స్నేహితుడొకరు ప్రతి కొయ్యకూ రెండు చోట్ల ఎర్ర ఎనామిల్ రంగుతో అంకె వేయించి, తూర్పు కొనకు ఒక గీత, పైముఖానికి ఒక చుక్క పెట్టించాడు. తరాల తరబడి బరువు మోసిన దూలం నడుమ కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. దాన్ని తిరగేసి ఎక్కిస్తే పైన దంతెలు కుదురుగా కూర్చోవు. ఆ చిన్న చుక్క వల్ల కప్పు ఎక్కించేటప్పుడు ఒక్క దూలాన్నీ మళ్లీ దించవలసిన పని పడలేదు.

కొయ్య గురించి ఆశపెట్టుకునేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. బయటికి కనిపించే దూలం ఇనుములా ఉన్నా, గోడలో దాగిన కొనలు అలా ఉండవు. మట్టి గోడ తేమ పీల్చి, చెద చేరి, మా టేకు దూలాల కొనలు పిడికిలితో నలిపితే పొడిగా రాలాయి. వడ్రంగం ఎరిగిన స్నేహితుడు వాటిని సుత్తితో తట్టి, ధ్వని మారిన చోట గీత గీసి, “మామా, ఇవి కోసెయ్యకుంటే పదేండ్లకు మళ్లీ ఇల్లు విప్పాల్సొస్తాది” అన్నాడు. రెండు వైపులా కోయించాక దూలాల పొడవు తగ్గి, పడసాల వెడల్పు అడుగున్నర కుదించుకుపోయింది. పాత కొలతలతోనే పునాది తీసి ఉంటే దూలం గోడకు అందేది కాదు. కొయ్య అంతా విప్పి, చెడినంత కోసి, మిగిలింది కొలిచిన తర్వాతే కొత్త ఇంటికి ముగ్గు పోయాలని అందుకే గట్టిగా చెబుతున్నాను. కొత్త గోడల్లో దూలం కూర్చునే చోట కింద నాపరాయి పరిచి, చుట్టూ వేలు పట్టేంత సందు వదిలాం. ఇప్పటికీ టార్చి వేసి ఆ సందుల్లో చూస్తుంటాను. చెద మట్టి జాడ ఎక్కడా లేదు.

గోడలకు గానుగ సున్నం వాడాం. ఎద్దుల గానుగ మా చుట్టుపక్కల లేదు కనుక గుంటలో నెలకు పైగా నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి యంత్రంలో తిప్పించి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు చేర్చాం. సిమెంటు నీటితో గట్టిపడుతుంది. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లమెల్లగా రాయిగా మారుతుంది. అందుకే పని నిదానం, కూలి ఎక్కువ. ఫలితం ఎలాంటిదో మా ఇంట్లోనే పక్కపక్కన కనిపిస్తుంది. స్నానాల గది బయటి గోడకు బేల్దారి తొందరపడి సిమెంటు పూత పూశాడు. లోపలి తేమ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాలు గడిచేసరికి అది అప్పడంలా ఉబ్బి పెచ్చులూడింది. దాని పక్కనే సున్నం పూసిన గోడ తడిసిన మరునాటికే ఆరిపోతూ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

ఇక కప్పు. దూలాల మీద దంతెలు, దంతెల మీద నాపబండలు, వాటిపై వేపాకు, దానిపై తొక్కిన మట్టి అరడుగు, అన్నిటికంటే పైన చౌడు. చౌడు నేలలో ఉప్పు గుణం ఎక్కువగా ఉండటం వల్ల తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి ఉబ్బి, సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. ఆ తర్వాత నీళ్లు కిందికి దిగవు. పంటకు పనికిరాని నేల ఇంటికి గొడుగు పట్టడం మా సీమ రైతుల తెలివికి నిదర్శనమని నా నమ్మకం. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల లోపు వాన పడే మా ప్రాంతానికి ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఎండకు చౌడు నెర్రెలిస్తుంది, గాలికి రేగిపోతుంది, గరిక మొలిస్తే దాని వేళ్ల వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. ప్రతి ఏడూ మృగశిర కార్తె లోపల గరిక పీకి, కొత్త చౌడు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. కప్పు వేసిన ఏడాది దగ్గరుండి నేర్పిన పెద్దాయన, “పలచగా చల్లితే గాలికి పోతాది నాయనా, నాలుగు వేళ్ల మందాన పోసి తొక్కండి” అని చెప్పి, తూముల వైపు వాటం సరిపోయిందో లేదో చెంబుతో నీళ్లు పోసి చూసేవారు. ఆ నీళ్లు ఎక్కడా ఆగకుండా తూములోకి జారితేనే ఆయన కిందికి దిగేవారు.

ఈ కప్పుకు అసలైన పరీక్ష 2021 నవంబరులో వచ్చింది. చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగిన ఆ రోజుల్లో మా వైపు కూడా ముసురు విడవలేదు. కప్పు మధ్యభాగం ఎక్కడా కారలేదు. పిట్టగోడ కప్పును కలిసే మూలలోనూ, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి చుట్టూనూ మాత్రం నీళ్లు దిగి, పడసాలలో గోడ మీద చారలు కట్టాయి. మట్టి కప్పు ఎప్పుడూ అంచుల్లోనే ఓడిపోతుంది. ఆ తర్వాత పిట్టగోడ అడుగున సున్నంతో ఏటవాలు గట్టు కట్టించి, గవాక్షి చుట్టూ రాతి అంచు లేపి, పైన గాజుపలక బిగించాం. 2023 డిసెంబరు తుపాను వానకు చుక్క పడలేదు.

వేసవిలో ఈ ఇల్లు ఇచ్చే సుఖం మాటల్లో చెప్పలేను. రెండడుగుల మందం గోడలు, అడుగుకు తగ్గని కప్పు ఉండటం వల్ల బయట 43 డిగ్రీలు కాసే మధ్యాహ్నం కూడా పడసాలలో పంకా ఒక్కటే చాలు. కానీ పగలంతా తాగిన వేడిని గోడలు రాత్రి తిరిగి విడుస్తాయి. మే నెలలో రాత్రి పదింటికి లోపలికంటే వాకిలే చల్లగా ఉంటుంది. పాత ఇంటికి లేని రెండు ఎదురెదురు కిటికీలు పెట్టించడం, మిద్దె మీద పడుకునే అలవాటు మానకపోవడం మాకు మేలు చేశాయి.

నేలకు ఎర్రగుంట్ల వైపు నుంచి తెచ్చిన నాపబండలు వేశాం. అవి సున్నపురాళ్లు కనుక నిమ్మరసమో చింతపులుసో పడితే నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. యాసిడ్‌తో కడగడం అసలే తగదు. రాతి గోడను తొలవకుండా కరెంటు తీగలను గొట్టాల్లో పైపైనే నడిపించాం. సందులన్నీ సున్నంతో పూడ్చినప్పటి నుంచి తేళ్లు లోపల కనిపించలేదు. ఫోను సిగ్నల్ మాత్రం తిన్నె మీదికి వస్తేనే అందుతుంది.

ఖర్చులో సగానికి పైగా కూలికే పోయింది. మేము అడిగిన బ్యాంకు మట్టి కప్పు ఇంటికి రుణం ఇవ్వలేదు కాబట్టి చేతిలోని డబ్బుతోనే విడతలు విడతలుగా కట్టాం. స్నేహితులు లేకపోతే ఆ విడతల మధ్య పని ఆగిపోయేది. ఒకరు ట్రాక్టరు పంపారు, ఒకరు దూలాలు ఎక్కించే రోజు తమ ఊరి యువకులను తీసుకొచ్చారు. ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. ఇప్పటికీ మే చివరి ఆదివారం వాళ్లంతా వచ్చి చౌడు తొక్కి, మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి తిని వెళ్తారు. ఆ రోజు మా ఇంట్లో పండుగే. ఆ ఒక్కరోజు పని కూలికి చేయించాలనుకుంటే, ఇప్పుడు చౌడు తొక్కడం తెలిసిన మనుషులు దొరకడమే కష్టం.

పట్నంలో ఉంటూ పండుగలకు మాత్రమే వచ్చేవారు పాత దూలాలనూ నాపబండలనూ ఉంచుకుని, పైన మట్టికి బదులు సున్నపు కంకర వేయించుకోవడం మంచిది. ప్రొద్దుటూరులో ఉండే మా స్నేహితుడొకరు తన ఊరి ఇంటికి అలాగే చేయించారు. చల్లదనం మా ఇంటికంటే కొంత తక్కువే అయినా, ఏటా మిద్దె ఎక్కవలసిన పని ఆయనకు లేదు. ఎటూ తేల్చుకోలేనివారు ముందుగా దూలాల కొనలు కోయించి, ఎంత కొయ్య మిగులుతుందో చూసుకుని, కప్పు సంగతి ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.