10 అంగుళాల కుంపటి, 16 అంగుళాల కట్టె

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఈలీ ఊరి పెట్రోలు బంకులో కొన్న మోపులో ఒక్కో కట్టె పొడవు 16 అంగుళాలు. నా వీపు సంచిలో ఉన్న కుంపటి లోపలి పొడవు 10. మధ్యలో ఉన్న ఆ 6 అంగుళాలు ఎంత దూరమో రాత్రి పదకొండింటికి తెలిసింది. మైనస్ 22 డిగ్రీల చలిలో, మంచులో మోకాళ్లూని, చిన్న మడత రంపంతో ఓక్ కట్టెను కోస్తూ కూర్చున్నాను. అంతకుముందు నెల రోజులుగా నేను తూచింది గ్రాములే. కట్టె పొడవు కొలవాలన్న ఆలోచనే రాలేదు.

మేముండేది మినియాపోలిస్ శివార్లలో. ఇక్కడ చలికాలం ఐదు నెలలు. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి మంచు చూడటం నాకూ మా తోడల్లుడికీ మూడేళ్లకే మొహం మొత్తింది. డులూత్‌లో పెరిగిన నా సహోద్యోగి ఒకాయన, చలికాలపు సరస్సుల మీద వెచ్చని గుడారంలో రాత్రి గడపడం గురించి చెప్పినప్పుడు ఇద్దరం ఎగిరి గంతేశాం. నేల గుడ్డ లేని గుడారం, అందులో రేకు కుంపటి, దాని పొగగొట్టం గుడారం కప్పులో కుట్టిన మంటకు ఆగే గుడ్డ ముక్కలోంచి బయటికి వెళ్తుంది. అంతే సంగతి. మన కుంపటికి పొగగొట్టం ఉండదు, దీనికి ఉంటుంది. అయినా మా ఇళ్లలో దీని పేరు కుంపటే. లంబసింగిలో ఒక్క చలిమంటకే మురిసిపోయినవాళ్లం, ఇంతకంటే మంచి పేరు ఏం పెడతాం?

మూడు ప్రయాణాలు చేశాం, మూడు రకాల కుంపట్లతో. మూడూ ఈలీ చుట్టుపక్కలే.

మొదటిది అద్దె సామానుతో. ఈలీ మినియాపోలిస్ నుంచి సుమారు 240 మైళ్లు. ఒకప్పుడు ఇనుప గనుల ఊరు, చివరి గని 1967లో మూతపడింది. ఇప్పుడు మూడు వేల పైచిలుకు జనం, పడవలూ గుడారాలూ అద్దెకిచ్చే దుకాణాలూ. ఇక్కడి నుంచే బౌండరీ వాటర్స్ అనే పది లక్షల ఎకరాల సంరక్షిత అడవి మొదలవుతుంది. వేసవిలో దాని అనుమతి దొరకడమే ఓ గండం. చలికాలంలో మాత్రం సరస్సు దగ్గరున్న పెట్టెలోంచి కాగితం తీసుకుని మన చేత్తో మనమే నింపుకోవాలి, రుసుము లేదు.

దుకాణం వాళ్లు కాన్వాస్ గుడారం, ఉక్కు కుంపటి, సామాను పెట్టి మంచు మీద లాగడానికి స్లెడ్డు ఇచ్చారు. గుడారం, కుంపటి కలిపితేనే పాతిక కిలోలు. అద్దె పంచుకుంటే ఒక మోటెల్ గది కన్నా తక్కువే పడింది. దుకాణంలోని పెద్దావిడ మా చేత వాళ్ల పెరట్లోనే గుడారం ఒకసారి వేయించి, కుంపటి వెలిగించి, ఆర్పించి మరీ పంపింది. డబ్బుకు తగిన సేవ అంటే అదే. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏదీ కొనకండి, అద్దెకు తీసుకోండి.

మూస్ సరస్సు మీద కుక్కల బండ్లు తిరిగి మంచు గట్టిపడి ఉంటుంది కాబట్టి స్లెడ్డు నున్నగా సాగిపోయింది. ఆ ఉక్కు కుంపటి పైన రెండు గిన్నెలు పట్టాయి. ఒకదాంట్లో మంచు కరుగుతుంటే ఇంకోదాంట్లో ఉప్మా. కాన్వాస్ గుడ్డ తేమను పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి నెత్తి మీద చుక్కలు పడలేదు. ఒక్కటే చిక్కు వచ్చింది. బౌండరీ వాటర్స్‌లోకి గాజు సీసాలు, డబ్బా ఆహారం తీసుకెళ్లకూడదు. దాంతో ఆవకాయను సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి తీసుకెళ్లాం. సాయంత్రం మూత తీస్తే నూనెతో సహా రాయి. చెంచా వంగింది గానీ ముక్క రాలేదు. డబ్బాను కుంపటి పక్కన పెట్టి, అటు కాస్తా ఇటు కాస్తా తిప్పుతూ పావుగంట కూర్చున్నాక, ముందు నూనె, తర్వాత మెంతి వాసన, ఆ తర్వాత ముక్క కదిలాయి. ఆ కాన్వాస్ గుడారంలో ఇప్పటికీ ఆ వాసన ఉండే ఉంటుంది. పెద్దావిడ క్షమించాలి.

అన్నీ బాగున్నాయి, కానీ పాతిక కిలోలను గడ్డకట్టిన సరస్సు మీద లాగవచ్చు గానీ కొండ ఎక్కించలేం. సరస్సుకూ సరస్సుకూ మధ్య రాళ్ల దారిలో స్లెడ్డు ఇరుక్కున్న ప్రతిసారీ మా తోడల్లుడు టైటానియం అన్న మాట జపించాడు.

ఇనుముతో పోలిస్తే టైటానియం బరువు సగానికి కాస్త ఎక్కువ. ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు, ఉక్కు 7.8 దాకా. అసలు లాభం పలుచని రేకులో ఉంది. అంత పలుచని ఉక్కు రేకు మంటకు త్వరగా తుప్పుపట్టి చిల్లులు పడుతుంది, టైటానియం నిలబడుతుంది. అది కూడా వంకర్లు పోతుంది, అది వేరే సంగతి. కానీ ధర చూస్తే తడిసి మోపెడు. అందుకే ముందు అన్నిటికన్నా చిన్నది కొన్నాను. పొగగొట్టంతో కలిపి 900 గ్రాములు. పటంలో ముద్దొచ్చింది.

దాన్ని తీసుకుని ఎకో ట్రైల్ అనే దారి వైపు ఫెన్స్‌కే సరస్సుకు వెళ్లిన రాత్రే పైన చెప్పిన రంపపు కోత. ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్లకూడదు. ఆష్ చెట్లను తొలిచే పచ్చపురుగు 2009లో సెయింట్ పాల్‌లో బయటపడినప్పటి నుంచీ, వంటచెరకును ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించవద్దని గట్టిగా చెప్తున్నారు. చీకటి పడ్డాక చేరతాం, అడవిలో ఎక్కడ వెతుకుతామని బంకులో మోపులు కొన్నాం. చేతి మందం ఓక్ చీలికలు. వాటిని అడ్డంగా కోయాలి, నిలువుగా చీల్చాలి, ఆ తర్వాత ఆ అగ్గిపెట్టెలో దూర్చాలి. ఇంతా చేస్తే ఒక నింపు మంట పాతిక నిమిషాలు. కునుకు పట్టేలోపే మళ్లీ ఆకలి.

"అన్నయ్యా, మనం కుంపటికి చలి కాస్తున్నామా, అది మనకు కాస్తోందా?" అన్నాడు మా తోడల్లుడు. ఒంటిగంటకు ఆర్పేసి స్లీపింగ్ బ్యాగుల్లో దూరాం.

ఆ కుంపటిని తప్పు పట్టను. ఒక్కరు, చిన్న గుడారం, చిటికెన వేలి మందం పుల్లలు ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. మాకు సరిపోదు. ఇంటికొచ్చి లెక్క వేశాను. 5 అడుగుల ఎండు కొమ్మను 10 అంగుళాల ముక్కలు చేయాలంటే 5 కోతలు. 15 అంగుళాల ముక్కలైతే 3 కోతలే. ఒక సాయంత్రానికి అలాంటి కొమ్మలు పదిహేను కావాలనుకుంటే 75 కోతలకూ 45 కోతలకూ ఉన్న తేడా అది. పొద్దుటి నుంచి నడిచిన చేతులతో. చిన్న కుంపటి వల్ల సంచిలో మిగిలే బరువు ముప్పాతిక కిలో. ఆ ముప్పాతిక కిలో నేను మోస్తాను, ఆ 30 కోతలు వద్దు.

మూడోది అలా వచ్చింది. పెట్టె ఆకారం, లోపలి పొడవు 15 అంగుళాలు, గొట్టంతో కలిపి కిలో 700 గ్రాములు. కొన్ని సంస్థలు చేసే స్తూపాకారపు కుంపట్లు ఇంకా తేలిక. కానీ నాకు పైన గిన్నె నిలబడాలి. చారు కాగని వెచ్చదనం నాకెందుకు?

గొట్టం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ముందుగా ఎవరూ మాకు చెప్పలేదు. అది గొట్టంగా రాదు, కాగితమంత పలుచని పొడుగాటి రేకు చుట్టగా వస్తుంది. దాన్ని విప్పి, నిలువునా మళ్లీ చుట్టి, ఉక్కు రింగులు తొడిగితే ఏడడుగుల గొట్టమవుతుంది. మొదటిసారి చుట్టడం గ్యారేజీలో ఇద్దరం ముప్పావుగంట పడ్డ పాటు. కొత్త ఈతచాపలా ఒక కొస నొక్కితే రెండో కొస లేచి కొడుతుంది. అంచు బ్లేడు. తోలు తొడుగులు లేకుండా ముట్టుకుంటే వేళ్లు తెగుతాయి. నా బొటనవేలు సాక్షి. పెరట్లో ఒకసారి గట్టిగా మండిస్తే వేడికి ఆ ఆకారం అలవాటవుతుంది. రెండోసారి ఐదు నిమిషాల పని. ఆ మంటకు రేకంతా బంగారు, ఊదా, నీలం రంగులకు తిరిగింది. మా ఆవిడ బయటికొచ్చి చూసి, "నెమలికంఠం రంగు. ఇంత ఖరీదుకు నాకు పట్టుచీరే వచ్చేది" అని లోపలికి వెళ్లిపోయింది.

దాంతో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చిన వారాంతంలో స్నోబ్యాంక్ సరస్సుకు వెళ్లాం. సంక్రాంతి దగ్గర్లోనే పడుతుంది కాబట్టి మాకు అదే భోగి. మూస్ సరస్సుకూ దీనికీ పోలిక లేదు. ఇది విశాలం, గాలికి అడ్డు లేదు, బాట లేదు. మంచు బరువుకు ఐసు కుంగి నీళ్లు పైకి ఊరి, మంచు అడుగున బురదలా నిలుస్తాయి. పైకి కనిపించవు. అందులో కాలు వేసి తీస్తే మంచుబూటుకు రెండు కిలోల ఐసు అంటుకుంటుంది. అందం అడిగితే స్నోబ్యాంకే. కొత్తవాళ్లను తీసుకెళ్లాలంటే మాత్రం నేను మూస్ వైపే వెళ్తాను.

కట్టె దగ్గర డులూత్ ఆయన మాట పనికొచ్చింది. తమరాక్ అనే చెట్టు చూడటానికి దేవదారు జాతే గానీ చలికాలంలో ఆకు రాల్చేస్తుంది. తెలియనివాళ్లు ఎండిపోయిందనుకుని బతికిన చెట్టు మీద రంపం పెడతారు. అది తప్పు కూడా, నేరం కూడా. కొమ్మ విరిచి చూడాలి, లోపల పచ్చగా ఉంటే వదిలేయాలి. పడి ఉన్న బర్చి చెట్టుకు బెరడు తప్ప లోపలంతా పుచ్చిపోయి ఉంటుంది, కానీ ఆ బెరడు తడిలో కూడా అంటుకుంటుంది. ఎండు సీడార్ సులువుగా చీలుతుంది, త్వరగా మండిపోతుంది. ఒరిగి ఎండిన జాక్ పైన్ దొరికితే ఆ రాత్రి మనదే. ఈసారి 21 అంగుళాల మడత రంపం తీసుకెళ్లాం. కుంపటికి పెట్టిన డబ్బులో పదో వంతు దానికి పెట్టండి, అంతకు రెట్టింపు సుఖం ఉంటుంది.

కుంపటి కాళ్ల కింద రెండు ఎండు దుంగలు పరిచాం, లేకపోతే మంచు కరిగి ఒక పక్కకు ఒరుగుతుంది. వెలిగించిన పది నిమిషాలకు చొక్కాల మీదికి వచ్చేశాం. బయట మైనస్ 27. పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు వేయించుకున్నాం. గొట్టం పైకొసన నిప్పురవ్వలను ఆపే జల్లెడ ఉంటుంది. నైలాను గుడారానికి అది తప్పనిసరి, లేకపోతే కప్పంతా సూదిబెజ్జాలు. కానీ తొమ్మిది దాటేసరికి పొగ వెనక్కి తన్నడం మొదలైంది. మంట ఎక్కువసేపు నిలవాలని గొట్టంలోని మూత సగం వాల్చి ఉంచాను. మంట ఊపిరాడక మసి జల్లెడకు పట్టేసింది. అదే నా తప్పు. గుడారం తెరిచి, ఆర్పి, గొట్టం దింపి, జల్లెడను కర్రతో తట్టి మళ్లీ పెట్టేసరికి లోపల చలి బయటికన్నా తక్కువేమీ కాదు. చిన్న కుంపటిని పెద్ద మంటతో మండించాలి, ఆర్పేయాలి. నెమ్మదిగా రాజేయడం దాని పని కాదు.

కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారం లేకుండా ఎవరూ వెళ్లవద్దు. మా దానిలో మామూలు బ్యాటరీలు చలికి నీరసించాయి. ఈ మధ్య లిథియం బ్యాటరీలు వేస్తున్నాం. రాత్రంతా వెలుగుతుందన్న ఆశా పెట్టుకోకండి. ఆరిన ఇరవై నిమిషాలకు నైలాను గుడారంలో కుంపటి వెలిగిన గుర్తే ఉండదు. కాబట్టి ఆ చలికి తగిన స్లీపింగ్ బ్యాగు మోయాల్సిందే. బరువు తగ్గుతుందని కుంపటి కొనేవాళ్లు ఈ ముక్క దగ్గర ఆగి మళ్లీ ఆలోచించుకోవాలి. బట్టలు ఆరడానికి, వంటకు, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి కుంపటి. నిద్రకు బ్యాగు.

బస గురించి రెండు మాటలు. వెళ్లే ముందు రాత్రి ఈలీలో ఒక మోటెల్‌లో దిగాం. గదిలో హీటరు మోత తప్ప వేడి లేదు, చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు బేర్ హెడ్ లేక్ రాష్ట్ర పార్కులో క్యాబిన్ తీసుకున్నాం. వాహనానికి రోజు పాసు అదనం. లోపల నీళ్లుండవు, మంచాలు చెక్కవి, కానీ వెచ్చగా, శుభ్రంగా ఉంది. తడిసిన గుడారం ఆరబెట్టుకోవడానికి చోటుంది. పక్కనే టవర్ అనే చిన్న ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 51 సెల్సియస్ నమోదైంది. మిన్నెసోటా చరిత్రలో అంత చలి ఇంకెప్పుడూ లేదు. ఆ సంగతి మా తోడల్లుడికి తిరుగు ప్రయాణంలో, కారులో హీటరు పెట్టాక చెప్పాను.

900 గ్రాముల కుంపటి గ్యారేజీలో ఉంది. ఒంటరిగా వెళ్లేవాళ్లెవరైనా అడిగితే సగం ధరకు ఇచ్చేస్తాను, తోలు తొడుగులు ఊరికే.